కోత మిషనుకు ఏ నూనె?

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఉన్న ప్రాంతం ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు అందులోవే. కొబ్బరి, జీడి, పనస తోటలకు అది పెట్టింది పేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను అక్కడే తీరం దాటింది. పొద్దు పొడిచేసరికి తోటలకు తోటలే నేలకు ఒరిగాయి. కడుపున పుట్టిన బిడ్డల్లా పెంచిన చెట్లు దారికి అడ్డంగా పడ్డాయి.

అలాంటి ఒక ఊరిని తలుచుకుందాం. ఆ ఊళ్లో పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉందనుకుందాం. పడిపోయిన చెట్లను కోయాలి. గొడ్డలితో ఎన్నాళ్లకు అవుతుంది? కోత మిషను ఉంటే పని తొందరగా అవుతుంది. అద్దెకు తిప్పితే నాలుగు డబ్బులు కూడా వస్తాయి. అందుకని సంఘం అప్పు తీసుకుని 30,000 రూపాయలతో ఒక కోత మిషను కొంది. నెలకు 1,500 రూపాయలు వాయిదా. మిషను నడిపేది తవిటయ్య. లెక్క రాసేది అతని వదిన దాలమ్మ. దాలమ్మ నలభై ఏళ్లు దాటాక వయోజన విద్యా కేంద్రంలో చదువు నేర్చుకుంది.

ఇక కథలోకి వెళదాం.

చింతమాను దగ్గర ఆగిపోయింది

ఆ రోజు చింతమాను కోస్తున్నారు. తుపానుకు పడి ఆర్నెల్లయింది. బాగా ఎండిపోయింది. ఇద్దరు చేతులు చాపినా అందనంత లావు. తవిటయ్య పొద్దున్నుంచీ కోస్తూనే ఉన్నాడు. మిషను బార్ మానులో సగం దాకా దిగింది. ఉన్నట్టుండి ఇంజను కీచుమని అరిచి ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. మళ్లీ లాగాడు. తాడు కదలనే లేదు.

“ఏటయ్యింది తవిటయ్యా?” అంది దాలమ్మ.

“ఏటో వదినా. మంచిగానే నడిచినాది. ఉన్నట్టుండి పట్టేసినాది.”

“పెట్రోలు అయిపోయిందేటి?”

“లేదు. ఇందాకే నిండా పోసినాను.”

మర్నాడు ఇద్దరూ మిషనును పలాస తీసుకెళ్లారు. మెకానిక్ ముందు ప్లగ్గు విప్పి చూశాడు. తర్వాత సైలెన్సర్ విప్పాడు. ఆ కన్నం గుండా టార్చి వేసి లోపలికి చూపించాడు. పిస్టను మెరుస్తూ ఉండాలి. దాని మీద గోళ్లతో గీరినట్టు నిలువు గీతలు పడి ఉన్నాయి.

“అమ్మా, లోపల నూనె లేక పిస్టను కాలిపోయింది. పిస్టను, సిలిండరు రెండూ మార్చాలి. 6,000 అవుతుంది” అన్నాడు.

దాలమ్మ గుండె జారిపోయింది. ఆరు వేలంటే నాలుగు నెలల వాయిదా.

“నూనె పోయలేదా?” అని తవిటయ్యను అడిగింది.

“పోసినాను వదినా. రెండు లీటర్ల పెట్రోలుకి ఒక మూత పోసినాను. ఎక్కువ పోస్తే పొగ వస్తాది, బలం తగ్గిపోతాది అని ఒకాయన చెప్పినాడు.”

“ఏ నూనె?” అన్నాడు మెకానిక్.

“మా నేస్తం ఇచ్చినాడు. పడవ ఇంజనులో పోస్తారు కదా, అది.”

మెకానిక్ తల ఊపాడు. “రెండు తప్పులు జరిగాయి. నూనె రకం తప్పు. కొలతా తప్పు. కూర్చోండి, చెబుతాను” అన్నాడు.

ఈ ఇంజనుకు నూనె ఎందుకు కలపాలి?

ఇంజనులో పిస్టను అనే ముక్క ఉంటుంది. అది సిలిండరు అనే గొట్టంలో పైకీ కిందికీ ఆడుతుంది. నిమిషానికి వేల సార్లు ఆడుతుంది. లోహమూ లోహమూ రాసుకుంటే ఏమవుతుంది? వేడి పుడుతుంది. అరిగిపోతుంది. చివరికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. దీన్నే ‘ఇంజను పట్టేసింది’ అంటారు. అలా కాకుండా మధ్యలో కందెన ఉండాలి. బండి ఇరుసుకు కందెన వేయడం మనకు తెలిసిందే. ఇదీ అలాంటిదే.

ఇప్పటి మోటారు సైకిళ్లు ఫోర్ స్ట్రోక్ ఇంజనువి. వాటిలో ఇంజను నూనెకు వేరే గది ఉంటుంది. ఆ నూనె లోపలే తిరుగుతూ ఉంటుంది. కొన్ని నెలలకు ఒకసారి మారిస్తే చాలు.

కోత మిషను ఇంజను చాలా వరకు టూ స్ట్రోక్. మిషనును పక్కకు వంచి కోస్తాం. తలకిందులుగా కూడా పడతాం. అందుకని ఇందులో నూనె గది పెట్టలేదు. మరి కందెన ఎలా? పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. పెట్రోలుతో పాటు నూనె లోపలికి వెళుతుంది. పిస్టనుకు, బేరింగులకు పొరలా అంటుకుంటుంది. తర్వాత పెట్రోలుతో పాటు కాలిపోయి పొగలో బయటికి పోతుంది.

పాత లూనాలు, పాత స్కూటర్లు గుర్తున్నాయా? బంకులో పెట్రోలుతో పాటు చిన్న కొలతతో నూనె పోసేవారు. అది ఇందుకే.

కాబట్టి ఒక్క మాట గుర్తుంచుకోవాలి. కోత మిషనులో నూనె కలపని పెట్రోలు పోస్తే కొద్ది నిమిషాల్లోనే ఇంజను పాడైపోవచ్చు.

డబ్బా మీద ఏం రాసి ఉంది?

నూనెలన్నీ ఒకటి కాదు. వంటకు వాడే నూనెలు ఎన్ని రకాలు! వేరుశనగ నూనె, నువ్వుల నూనె, ఆముదం. పప్పు తాలింపులో ఆముదం వేస్తామా? ఇంజను నూనెలూ అంతే. దేనికది వేరు.

టూ స్ట్రోక్ నూనె: దీన్ని ‘2టి’ నూనె అంటారు. పెట్రోలుతో కలవడానికి, శుభ్రంగా కాలడానికి దీన్ని తయారు చేస్తారు. కోత మిషనుకు ఇదే కావాలి. గాలితో చల్లబడే ఇంజనుకు పనికొచ్చే రకం తీసుకోవాలి.

ఫోర్ స్ట్రోక్ నూనె: మోటారు సైకిల్‌కు, కారుకు, ట్రాక్టరుకు పోసే నూనె. దీన్ని పెట్రోలులో కలిపి కాల్చకూడదు. కాలితే బూడిద మిగులుతుంది. ప్లగ్గు మీద, పిస్టను మీద పేరుకుపోతుంది.

పడవ ఇంజను నూనె: దీని డబ్బా మీద ‘టిసి–డబ్ల్యు3’ అని ఉంటుంది. ఇదీ టూ స్ట్రోక్ నూనే. కానీ పడవ ఇంజను నీళ్లతో చల్లబడుతుంది. కోత మిషను గాలితో చల్లబడుతుంది. అందుకే ఇది ఎక్కువ వేడెక్కుతుంది. పడవ నూనె ఆ వేడికి తయారు చేసింది కాదు. తవిటయ్య ఇక్కడే పొరబడ్డాడు.

కాల్చిన నూనె: ట్రాక్టరులోంచి, బండిలోంచి తీసేసిన నల్లటి నూనె. దీన్ని ఎక్కడా వాడకూడదు. అందులో ఇనుప రజను ఉంటుంది. రోజూ చేతులకు అంటితే చర్మానికి కేన్సరు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

మరి మంచి 2టి నూనెను ఎలా గుర్తుపట్టాలి? డబ్బా వెనక చిన్న అక్షరాలు ఉంటాయి. ‘జాసో ఎఫ్‌బి’, ‘జాసో ఎఫ్‌సి’, ‘జాసో ఎఫ్‌డి’ అని రాసి ఉంటుంది. జాసో అనేది జపాను దేశపు కొలబద్ద. ఎఫ్‌బి కంటే ఎఫ్‌సి మేలు. అది తక్కువ పొగ వదులుతుంది. ఎఫ్‌డి ఇంకా మేలు. ఎక్కువ వేడిలో కూడా పిస్టను మీద మసి తక్కువ పడుతుంది. గట్టి కర్ర కోసేవారు ఎఫ్‌డి తీసుకోవడం మంచిది. అది దొరక్కపోతే ఎఫ్‌సి.

ఈ గుర్తులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అందుకు భయపడకండి. దాలమ్మకూ ఇంగ్లీషు రాదు. ఎనిమిదో తరగతి చదివే కూతురితో ఆ అక్షరాలను ఒక అట్టముక్క మీద రాయించుకుంది. దుకాణంలో డబ్బా పక్కన అట్టముక్క పెట్టి పోల్చి చూసింది. బొమ్మను బొమ్మతో పోల్చినట్టే!

నూనె రంగు చూసి మోసపోకండి. ఒక కంపెనీ నూనె ఎర్రగా ఉంటుంది. ఇంకోటి నీలంగా, వేరొకటి పచ్చగా ఉంటుంది. పెట్రోలులో నూనె కలిసిందో లేదో తెలియడానికే ఆ రంగు. రంగుకీ నాణ్యానికీ సంబంధం లేదు.

లెక్క చేద్దాం

ఎంత నూనె కలపాలి? ఇది మిషను తయారు చేసిన వాళ్లు చెబుతారు. మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని మిషన్లకు మూత పక్కనే ఉంటుంది. ‘50:1’ అని రాస్తారు. అంటే ఏమిటి? యాభై పాళ్లు పెట్రోలు, ఒక పాలు నూనె.

ఒక లీటరుకు 1,000 మిల్లీలీటర్లు.
1,000ని 50తో భాగిస్తే 20.
అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె.

కొన్ని మిషన్లకు 40:1 అని ఉంటుంది. కొన్నిటికి 25:1. వాటికి ఎంతో కింద చూడండి.

50:1 అయితే
1 లీటరుకు 20 మి.లీ.
2 లీటర్లకు 40 మి.లీ.
3 లీటర్లకు 60 మి.లీ.
5 లీటర్లకు 100 మి.లీ.

40:1 అయితే
1 లీటరుకు 25 మి.లీ.
2 లీటర్లకు 50 మి.లీ.
3 లీటర్లకు 75 మి.లీ.
5 లీటర్లకు 125 మి.లీ.

25:1 అయితే
1 లీటరుకు 40 మి.లీ.
2 లీటర్లకు 80 మి.లీ.
3 లీటర్లకు 120 మి.లీ.
5 లీటర్లకు 200 మి.లీ.

సంఘం మిషనుకు పుస్తకంలో 50:1 అని ఉంది. తవిటయ్య రెండు లీటర్లకు ఒక మూత పోశాడు. దాలమ్మ ఆ మూతను కొలిచి చూసింది. అందులో పట్టేది 10 మిల్లీలీటర్లే. పోయాల్సింది 40. పోసింది 10. అంటే 30 మిల్లీలీటర్లు తక్కువ.

ఆ 30 మిల్లీలీటర్ల విలువ ఎంత? నూనె లీటరు 500 రూపాయలు అనుకుందాం. అప్పుడు 30 మిల్లీలీటర్లు 15 రూపాయలు. పదిహేను రూపాయల నూనె తగ్గింది. ఆరు వేల రూపాయల పిస్టను, సిలిండరు పోయాయి.

మరి కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే కదా అనిపిస్తుంది. అదీ తప్పే. నూనె ఎక్కువైతే పొగ ఎక్కువ వస్తుంది. ప్లగ్గుకు మసి పడుతుంది. సైలెన్సర్ పూడుకుపోతుంది. గట్టి కర్ర కోస్తున్నామని నూనె పెంచకూడదు. కొలత మార్చొద్దు. మంచి రకం నూనె వాడాలి.

ఎలా కలపాలి?

1. పెట్రోలు కోసమే తయారు చేసిన డబ్బా తీసుకోండి. అది శుభ్రంగా, తడి లేకుండా ఉండాలి.

2. మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పెట్రోలు పోయకండి. దాహంతో వచ్చిన పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు. ప్రాణాలు పోతాయి.

3. ముందు సగం పెట్రోలు పోయండి. తర్వాత కొలిచిన నూనె మొత్తం పోయండి. మూత బిగించి బాగా కదపండి. మిగతా పెట్రోలు పోయండి. మళ్లీ కదపండి.

4. నూనె కొలవడానికి మందుల దుకాణంలో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి చాలు. సూది అక్కర్లేదు. ఒకసారి నూనెకు వాడిన సిరంజిని మళ్లీ మందుకు వాడకూడదు.

5. మిషనులో పోసే ప్రతిసారీ డబ్బాను ముందు కదపండి.

6. పొయ్యి దగ్గర, దీపం దగ్గర, బీడీ కాల్చే చోట కలపొద్దు. ఆరుబయట నీడలో కలపండి. ఇంట్లో వంటగది పక్కన దాచొద్దు.

7. కావలసినంతే కలపండి. నెల దాటిన కలుపు వాడకండి.

ఈ ఏడో మాటకు కారణం ఉంది. ఇప్పుడు మన దేశంలో బంకుల్లో అమ్మే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. చెరకు, ధాన్యం, మొక్కజొన్నల నుంచి తీసే స్పిరిట్ అది. 2025 నాటికి ఆ కలుపు 20 శాతం దాకా వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి డబ్బా అడుక్కు దిగిపోతాయి. ఆ అడుగు నీటిలో కందెన ఉండదు. అది ఇంజనులోకి వెళితే నూనె లేనట్టే. కొన్ని మిషన్లకు ఇథనాల్ ఇంతకు మించకూడదని పుస్తకంలో రాసి ఉంటుంది. కొనేటప్పుడే ఈ సంగతి అమ్మేవాడిని అడగండి. వానాకాలంలో మిషనుకు పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేయండి. మిగిలిన చుక్కలు కూడా కాలిపోయేదాకా ఇంజను నడిపి, అప్పుడు దాచండి.

రెండు మూతలు, రెండు నూనెలు

కోత మిషనుకు రెండు మూతలు ఉంటాయి. ఒకటి పెట్రోలు కలుపు పోయడానికి. దాని మీద పెట్రోలు బంకు బొమ్మ ఉంటుంది. రెండోది చైను నూనె పోయడానికి. దాని మీద నూనె చుక్క, చైను బొమ్మ ఉంటాయి. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోయొద్దు.

చైను నూనె చిక్కగా, జిగురుగా ఉంటుంది. చైను జోరుగా తిరుగుతున్నా జారిపోకుండా పట్టుకుని ఉంటుంది. ఇది లేకపోతే చైను, బార్ రెండూ వేడెక్కి అరిగిపోతాయి. పెట్రోలు నింపిన ప్రతిసారీ చైను నూనె కూడా నింపాలి.

చైనుకు నూనె అందుతోందా లేదా? చూడడం తేలిక. బార్ కొసను ఒక తెల్లటి అట్ట వైపు పెట్టాలి. అట్టకు తగలకూడదు. ఇంజను జోరు పెంచాలి. అట్ట మీద సన్నటి నూనె చార పడాలి. పడకపోతే నూనె దారి పూడుకుందన్నమాట. శుభ్రం చేశాకే కోయాలి.

గట్టి కర్ర కోసేటప్పుడు

అన్ని చెట్లూ ఒకటి కావు. మునగ కొమ్మ చేత్తో విరుగుతుంది. చింతమాను గొడ్డలికే లొంగదు. రోకళ్లు, గానుగ రోళ్లు, మాంసం కొట్టే మొద్దులు చింతమానుతో చేసేది అందుకే. నల్లతుమ్మతో బండి చక్రాలు, నాగళ్లు చేసేవారు. సరుగుడు కూడా బరువైన కర్రే. పచ్చి కర్ర కంటే ఎండిన కర్ర ఇంకా గట్టిగా ఉంటుంది.

కొబ్బరి మాను సంగతి వేరు. దాని లోపలి భాగం మెత్తన. చుట్టూ ఉన్న పై భాగం చాలా గట్టి. చైను పళ్లను తొందరగా మొద్దుబారుస్తుంది.

గట్టి కర్రలో మిషను ఎక్కువసేపు బరువు మీద నడుస్తుంది. ఇంజను బాగా వేడెక్కుతుంది. అప్పుడే నూనె లోపం బయటపడుతుంది. తవిటయ్య అదే కలుపుతో రెండు రోజులు జీడి కొమ్మలు కోశాడు. ఏమీ కాలేదు. చింతమాను దగ్గరకు వచ్చేసరికి ఇంజను పట్టేసింది.

గట్టి కర్ర కోసేవాళ్లు ఇవి పాటించాలి:

పొట్టును చూడండి. చైనుకు పదును ఉంటే పెద్ద పెద్ద పొట్టు ముక్కలు రాలుతాయి. పిండిలా రాలితే పదును పోయిందని అర్థం. మిషను ఆపి గుండ్రటి ఆకురాయితో పళ్లకు పదును పెట్టండి. చింత, తుమ్మ కోసేటప్పుడు పెట్రోలు నింపే ప్రతిసారీ పదును చూసుకోవడం మంచిది.

మిషనును అదిమి నొక్కకండి. పదునున్న చైను తన బరువుతో తానే దిగుతుంది. నొక్కాల్సి వస్తోందంటే పదును లేదన్నమాట.

మానుకు అంటిన ఇసుక, మట్టి ముందు తుడిచెయ్యండి. ఇసుక తగిలితే చైను పదును చిటికెలో పోతుంది.

మేకులు, తీగలు చూడండి. ఇంటి దగ్గరి చింతచెట్టుకు, వేపచెట్టుకు మేకులు కొట్టి ఉంటారు. కంచె తీగ మానులో కలిసిపోయి ఉంటుంది. చైను దానికి తగిలితే పళ్లు ఊడి ఎగురుతాయి.

గాలి ఫిల్టరు రోజూ దులపండి. పొట్టుతో పూడుకుంటే ఇంజను ఊపిరాడక వేడెక్కుతుంది. ఇంజను చుట్టూ ఉన్న రేకుల మధ్య పొట్టు కూడా తీసెయ్యండి. గాలి ఆడితేనే ఇంజను చల్లబడుతుంది.

పెద్ద కోత అయ్యాక వెంటనే ఆపకండి. కొద్దిసేపు నెమ్మదిగా తిరగనిచ్చి, తర్వాత ఆపండి.

డబ్బు కంటే ప్రాణం ముఖ్యం

చైను సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. కన్ను మూసి తెరిచేలోపు చెయ్యి తెగిపోతుంది.

బార్ కొస పై భాగం కర్రకు తగలకూడదు. తగిలితే మిషను ఎగిరి కోసేవాడి ముఖం మీదికే వస్తుంది. భుజం కంటే ఎత్తులో కోయకూడదు. హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు మూతలు, గట్టి బూట్లు ఉండాలి. కాళ్లకు కోత తగలకుండా దళసరి పంట్లాం ఉండాలి. చీర కొంగు, తువ్వాలు, లుంగీ చైను దగ్గరకు రాకూడదు. నడపడం నేర్చుకోని వాళ్లు మిషను ముట్టుకోకూడదు.

నిలబడి ఉన్న చెట్టును కోసేటప్పుడు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. గాలికి పడిన చెట్లతో ఇంకా జాగ్రత్త. వంగి ఉన్న మాను విల్లులాంటిది. కోయగానే ఎగిరి కొడుతుంది. చెట్టు కింద కరెంటు తీగలు ఉంటే కరెంటు వాళ్లు వచ్చి సరఫరా ఆపేదాకా దగ్గరికి వెళ్లకూడదు.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపాలి. చల్లారనివ్వాలి. పోసిన చోటే స్టార్టు చేయకూడదు. కనీసం మూడు మీటర్ల దూరం జరగాలి.

ఇంకో సంగతి. నిలబడి ఉన్న చెట్టును కొట్టడానికి ‘వాల్టా’ చట్టం ప్రకారం అనుమతి కావాలి. నీరు, భూమి, చెట్లను కాపాడడానికి 2002లో ఈ చట్టం వచ్చింది. కొన్ని రకాల చెట్లకు మినహాయింపు ఉంది. అటవీ శాఖ వాళ్లను అడిగి తెలుసుకుని, తర్వాత కోయించండి.

కొలత ఎవరి చేతిలో?

మళ్లీ కథలోకి వద్దాం. మిషను బాగు చేయించడానికి 6,000 రూపాయలు అయింది. రెండు వాయిదాలు ఆగాయి. సంఘం కూర్చుంది.

“ఈ మిషను మనకొద్దు. అమ్మేద్దాం” అంది ఒకామె.

“తవిటయ్యనే డబ్బు కట్టమందాం” అంది ఇంకొకామె.

తవిటయ్య తల దించుకున్నాడు. “నాను కావాలని సేసినానా?” అన్నాడు.

దాలమ్మ లేచింది. “తప్పు తవిటయ్య ఒక్కడిదే కాదు. మిషనుతో పుస్తకం ఇచ్చారు. మనం దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాం. నాకు చదవడం వచ్చు. నేనూ తీసి చూడలేదు. అమ్మేస్తే అప్పు తీరదు. ఇకనుంచి నూనె కలిపే పని మనం చేద్దాం. అద్దె రాసే పుస్తకంలోనే నూనె లెక్కా రాద్దాం” అంది.

“కలపడం నాకు రాదేటి వదినా?” అన్నాడు తవిటయ్య నొచ్చుకుంటూ.

“నీకు కోత వచ్చు. అంత పెద్ద మానును పడుకోబెట్టగలవు. పొద్దున్నే తొందరలో నువ్వు కొలవలేవు. మేం కొలిచి పెడతాం. నువ్వు పోసుకుని వెళ్లు. ఒకరి పని ఇంకొకరు చూసుకుంటే తప్పు దొరుకుతుంది.”

తవిటయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే వదినా. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయి. నాకూ కనబడాలి” అన్నాడు.

దాలమ్మ ఎర్ర రంగు తెచ్చింది. ఒక డబ్బా మీద ‘పెట్రోలు + నూనె’ అని రాసింది. ఇంకో డబ్బా మీద ‘చైను నూనె’ అని రాసింది. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. అయినా దూరం నుంచి కూడా చదవొచ్చు.

తర్వాత వారం మిగిలిన చింతమాను కోశారు. రెండు రోజులు పట్టింది. మధ్యలో ఆపి చైనుకు పదును పెట్టారు. ఫిల్టరు దులిపారు. మిషను ఆగలేదు. ఆ సాయంత్రం దాలమ్మ పుస్తకంలో ఇలా రాసింది:

పెట్రోలు 5 లీటర్లు. నూనె 100 మి.లీ. కలిపింది: దాలమ్మ. చూసింది: పారమ్మ. కోసింది: తవిటయ్య.

ఆగిన వాయిదాలు తీరడానికి ఐదు నెలలు పట్టింది. తీరిన రోజున ఆ పుస్తకాన్ని అందరికీ చదివి వినిపించింది.

గుర్తుంచుకుందాం

• కోత మిషనులో ఒట్టి పెట్రోలు పోయకూడదు.
• గాలితో చల్లబడే ఇంజనుకు తయారైన 2టి నూనే కలపాలి.
• నూనె కొలత కంటితో కాదు, సిరంజితో.
• చైను నూనె వేరు, పెట్రోలులో కలిపే నూనె వేరు.
• గట్టి కర్రకు కావలసింది ఎక్కువ నూనె కాదు. మంచి నూనె, పదునైన చైను, మధ్య మధ్యలో విరామం.

లెక్క చేయండి

1. మిషను పుస్తకంలో 50:1 అని ఉంది. 4 లీటర్ల పెట్రోలుకు ఎంత నూనె కలపాలి?

2. మిషను పుస్తకంలో 25:1 అని ఉంది. 3 లీటర్లకు ఎంత నూనె కలపాలి?

3. డబ్బాలో అర లీటరు నూనె ఉంది. 50:1 చొప్పున అది ఎన్ని లీటర్ల పెట్రోలుకు వస్తుంది?

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. తవిటయ్య చేసిన రెండు తప్పులు ఏమిటి?

2. జీడి కొమ్మలు కోసినప్పుడు పాడవని ఇంజను చింతమాను దగ్గర ఎందుకు పాడయింది?

3. ‘తప్పు తవిటయ్య ఒక్కడిదే కాదు’ అని దాలమ్మ ఎందుకు అంది? మీరైతే ఏమనేవారు?

4. మీ ఇంట్లో, మీ సంఘంలో ఏ ఏ మిషన్లు ఉన్నాయి? మందు కొట్టే పంపు, పిండి మర, నీళ్ల మోటారు. వాటితో ఇచ్చిన పుస్తకాలు ఎక్కడ ఉన్నాయి? ఒకటి తీసి, రేపటి తరగతికి తీసుకురండి.